పన్నెండు నల్లకోట్లు

డ్రిల్లు మాస్టరు పంపిన కొలతల కాగితం చూసేసరికి మిషనమ్మకి ఒళ్ళు మండింది. అందులో ఒక పిల్లాడి ఛాతీ నలభై నాలుగు అంగుళాలు, నడుము పదకొండు. ఒక పిల్లకి కుడిచెయ్యి పద్దెనిమిది, ఎడమచెయ్యి ఇరవై రెండు. టేపు ఏ కొసన పట్టుకున్నాడో, ఏ వైపు అంకెలు చూశాడో ఆ మహానుభావుడికే తెలియాలి. ఈ ప్రకారం కుడితే ఆ కోట్లు బస్తాలకి తొడగాల్సిందే.

పైగా గడువు అయిదు రోజులు. ఇవాళ సోమవారం. శనివారం కోట్లు వేసుకుని రిహార్సలు, వచ్చే సోమవారం నాటకం. ఎనభై ఏళ్ళ కిందటి పెద్ద యుద్ధంలో ఫాసిస్టులు ఓడిపోయిన రోజు అది. బళ్ళో ఏటా జెండా ఎగరేసి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, తలో బిస్కెట్టూ తిని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఈసారి ఎనభై నిండాయి గనక ఘనంగా చెయ్యాలన్నారు. నల్లకోట్ల వాళ్ళు ఒక ఊళ్ళోకి వస్తారు, కొన్ని ఇళ్ళ తలుపుల మీద గుర్తులు వేస్తారు, ఆ ఇళ్ళ వాళ్ళని తోలుకుపోతారు. చివర్లో పచ్చకోట్ల వాళ్ళు వచ్చి నల్లకోట్లని చిత్తుచేసి జెండా పాతుతారు. అదీ నాటకం. రాసిందీ ఆడిస్తున్నదీ మిషనమ్మ కూతురే, అయిదో తరగతి టీచరు. జెండా పాతేది ఆ కూతురి కూతురు, పదేళ్ళది. దాన్ని ఇంట్లో పిచ్చిక అంటారు. పన్నెండు పచ్చ, పన్నెండు నల్ల, మొత్తం ఇరవై నాలుగు కోట్లూ వచ్చి మిషనమ్మ నెత్తిన పడ్డాయి.

ఎనభై ఏళ్ళుగా తెలిసిన తారీఖు మీ హెడ్మాస్టరుకి వారం ముందా గుర్తొచ్చేది అని కూతురి మీద ఎగిరింది. కూతురు జడ వేసుకుంటూ, నన్నేం చెయ్యమంటావమ్మా అంది. మిషనమ్మ టేపు మెళ్ళో వేసుకుని, కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని తనే బడికి బయల్దేరింది. నలభై ఏళ్ళుగా ఎవరో తీసిన కొలతకి ఆమె కత్తెర పెట్టలేదు. ఇప్పుడు ఈ ముసలితనంలో ఆ అప్రతిష్ఠ ఎందుకు?

బళ్ళో నాలుగో తరగతి గది ఖాళీ చేయించి ఇచ్చారు. పచ్చకోట్ల పిల్లలు ముందు వచ్చారు. ఒక్కొక్కళ్ళనీ కిటికీ దగ్గర వెలుతుర్లో నిలబెట్టి మెడ, భుజం, ఛాతీ, నడుము, వీపు, చెయ్యి, పొడవు, ఏడు కొలతలూ తీసింది. ఊపిరి బిగబట్టిన వాణ్ణి వదలమంది. ముందుకు వంగిన దాన్ని నిటారుగా నిలబెట్టింది. పేరెంట్ల సంఘం పెద్దమనిషి మనవడు చక్కిలిగింతలని మెలికలు తిరిగిపోతుంటే వాడి చెవి పట్టుకుని మరీ కొలిచింది. పన్నెండుమందికి గంటన్నర పట్టింది. నడుం పడిపోయింది.

నల్లకోట్ల పిల్లలు అప్పటిదాకా వరండాలో నిలబడి ఉన్నారు. మిషనమ్మ కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కూలబడింది. చూస్తే పన్నెండుమందీ షెడ్ల వాళ్ళే. పాత మిల్లు వెనక రేకుల షెడ్లలో నాలుగేళ్ళుగా ఉంటున్న కుటుంబాలు అవి. పని వెతుక్కుంటూ ఎక్కడినుంచో వచ్చి అక్కడ దిగారు. ఊరు వాళ్ళకి షెడ్లవాళ్ళని పేరు పెట్టి ఊరుకుంది. ఆ పిల్లల్లో ఏముంది కొలవడానికి, ఎముకలగూళ్ళు! టేపు మెళ్ళోనే ఉంచుకుని, ఒక్కొక్కళ్ళనీ ఎదుట నిలబడమని, ఒకసారి వెనక్కి తిరగమని, కంటికొలతతో ఛాతీ, పొడవు రాసుకుంది. కంటికొలతలో ఆమెకి పేరుంది. పది నిమిషాల్లో పని అయిపోయింది.

చివరిది అందర్లోకి పొడుగు పిల్ల, పదకొండేళ్ళుంటాయి. నువ్వేం వేషమే అని ఊరికే అడిగింది మిషనమ్మ.

"నేను నల్లకోట్లకి పెద్దనండీ. మేం అరవాలి, తలుపులు కొట్టాలి, చివర్లో పడిపోవాలి. పడిపోగానే అందరూ చప్పట్లు కొడతారు," అంది ఆ పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు.

పక్క గదిలో రిహార్సలు మొదలైంది. మిషనమ్మ పుస్తకం మూస్తూ కిటికీలోంచి చూసింది. అట్టతో చేసిన తలుపుల మీద ఒక కుర్రాడు రంగుకుంచెతో పెద్ద ఇంటూ మార్కు గీయబోయాడు. పొడుగు పిల్ల వాణ్ణి ఆపింది. అలా కాదట. నంబర్లు కోసిన రేకు ఒకటి ఉంటుందట. దాన్ని తలుపుకి ఆనించి ఒకడు పట్టుకోవాలి, ఇంకొకడు పైనుంచి రంగు కొట్టాలి, మూడోవాడు పుస్తకంలో రాసుకోవాలి. ముందు తలుపు తట్టకూడదు, రంగు కొట్టాకే తట్టాలి. ఎంతమంది ఉంటారు అని అడిగి, చెప్పింది నమ్మకుండా లోపలికి తొంగి చూడాలి. ఆ పిల్ల ఎంత చక్కగా చేసి చూపించిందంటే కూతురు టీచరు చప్పట్లు కొట్టి, అచ్చం అలాగే చెయ్యండి అంది. ఇదంతా నీకెలా తెలుసే అని డ్రిల్లు మాస్టరు ముచ్చటపడ్డాడు.

"పోయిన నెల మా ఇంటికి వేశారు కదండీ. మాది ముప్పై ఒకటి," అంది పొడుగు పిల్ల.

డ్రిల్లు మాస్టరు విజిల్ ఊది, మళ్ళీ మొదట్నుంచి అన్నాడు.

మిషనమ్మకి కాళ్ళు ఇంటివైపు పోలేదు. తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన ఆహ్వాన పత్రిక దిద్దుకుంటున్నాడు. పురపాలక సంఘం ఛైర్మన్ ముఖ్య అతిథి. ఆ షెడ్లకి నంబర్లు వేయించినదీ ఆయనే. ఎవరి దగ్గర కాగితాలున్నాయో, ఎవరి దగ్గర లేవో తేల్చి, లేనివాళ్ళని ఊరు దాటించాలని తీర్మానం చేయించాడు. నల్లకోట్లు పన్నెండూ ఆ పిల్లలకేనా మాస్టారూ అని అడిగింది మిషనమ్మ. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవద్దూ? వీళ్ళయితే ఏమీ అనుకోరమ్మా, పైగా స్టేజీ ఎక్కామని సంతోషపడతారు, మీరు కోట్ల సంగతి చూడండి అని మళ్ళీ పత్రికలోకి తల దించాడు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మిషనమ్మ అందుకుంది. వంటింట్లోంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి పెరటి దాకా వెంటపడి మరీ దులిపేసింది. ఫాసిస్టులు ఏం చేశారో నేర్పడానికి నాటకమట, నేర్చుకునేది ఆ షెడ్ల పిల్లలా, నేర్పించేది మీరా? కూతురు కాసేపు ఓర్చుకుని, చేతిలో గ్లాసు ఠపీమని కింద పెట్టింది.

"ముందు చీటీలే వేశానమ్మా. నల్లకోటు వచ్చిన ప్రతి పిల్లాడి తల్లీ మర్నాడు నా మీదికి వచ్చింది. మావాడు అలాంటి వేషం వేస్తే బాగుండదని. షెడ్ల నుంచి ఒక్కళ్ళు కూడా అడగడానికి రాలేదు. మరి ఎవరికివ్వను? రోజూ ఆ తల్లులతో వేగేది నువ్వు కాదు, నేను."

"రాలేదా, వస్తే గేటు దగ్గరే ఆపేస్తారని రాలేదా?"

పిచ్చిక అన్నం కంచం ముందు కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఇంతకీ నా కోటుకి ఇత్తడి బొత్తాలేనా అమ్మమ్మా అని అడిగింది. మిషనమ్మకి దాని మీద కూడా కోపమొచ్చింది. పసిపిల్ల మీద కోపమేమిటని తన మీద తనకీ వచ్చింది.

మంగళవారం పొద్దున్నే పచ్చగుడ్డ తాను నేల మీద పరిచి, కొలతల పుస్తకం తెరిచింది. చాక్‌ముక్క గుడ్డ మీద పెట్టి, మళ్ళీ తీసేసింది. అలా రెండుసార్లయింది. మూడోసారి లేచి నల్లతాను పరిచింది. పుస్తకంలో మొదటి పేరు మనవరాలిది. మెడ, భుజం, ఛాతీ, నడుము, వీపు, చెయ్యి, పొడవు, ఏడు కొలతలూ నల్లగుడ్డ మీద గీసింది. కత్తెర పెట్టబోయి ఆగింది. జెండా పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్న పిల్ల, రాత్రి నిద్దట్లో కూడా పాట పాడింది. ఎందుకొచ్చిన గోల, దీన్నొక్కదాన్నీ వదిలేస్తేనో అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు ఇంకా చిర్రెత్తుకొచ్చింది. ఊళ్ళో తల్లులందరూ ఒక్కొక్కళ్ళూ అనుకున్నది అదే కదా. కత్తెర కరకరమని నడిచింది.

పన్నెండు నల్లకోట్లూ ఊరి పిల్లల కొలతలకి, పన్నెండు పచ్చకోట్లూ షెడ్ల పిల్లల కొలతలకి. లోపల అస్తరు గుడ్డ లేదు, నిలువు కాలరు, ముందు అయిదు బొత్తాలు. తోటికోడలు వచ్చి కాజాలు కుట్టి పెట్టింది. పేర్లు మారిపోయినట్టున్నాయే అక్కా అని ఆవిడ నసిగితే, నీకు కాజాల పని చెప్పానా పేర్ల పని చెప్పానా అని మిషనమ్మ కసిరింది. తడవకొకసారి దారం తెగింది. బుధవారం మధ్యాహ్నం కరెంటు పోతే కాలితో తొక్కే పాత మిషను బయటికి లాగింది. మోకాళ్ళు పట్టేశాయి. హెడ్మాస్టర్నీ, పేరెంట్ల సంఘాన్నీ, ఎనభై ఏళ్ళ కింద పూర్తిగా చావక సగమే చచ్చిన ఆ ఫాసిస్టుల్నీ వరసపెట్టి తిడుతూ కుట్టింది. శుక్రవారం సాయంత్రానికి ఇరవై నాలుగూ ఇస్త్రీ చేసి, కాలరు లోపల పేరు చీటీ గుచ్చి, మూట కట్టి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

శనివారం రిహార్సలు హాల్లో. మూట విప్పి, ఎవరి పేరున్న కోటు వాళ్ళు తొడుక్కోండి అంది మిషనమ్మ. ఒక్క నిమిషం గందరగోళం. పేరెంట్ల సంఘం పెద్దమనిషి మనవడు నల్లకోటులో నిలబడి ఉన్నాడు. భుజం దగ్గర ఒక్క ముడత లేదు. డ్రిల్లు మాస్టరు కొడుక్కి చెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. నలభై ఏళ్ళలో అంత చక్కగా కుదిరిన కోట్లు ఆమె ఎప్పుడూ కుట్టలేదు. పిచ్చిక తన కోటు చేత్తో పట్టుకుని, నోరు వంకర తిప్పుకుంటూ, అమ్మమ్మా పొరపాటయింది అంది. పొరపాటు కాలేదు అంది మిషనమ్మ.

హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. ఇదేం పని అన్నాడు. కోటు ఎవరి కొలతకి కుడితే వాళ్ళకే సరిపోతుంది మాస్టారూ, మీ బళ్ళో నల్లకోటుకి సరిపోయే పిల్లలు వీళ్ళే అంది మిషనమ్మ. ఆ మాట తను అనుకున్నంత గట్టిగానే అంది. కూతురు మొహం పాలిపోయింది. అప్పుడు అందరి కళ్ళూ షెడ్ల పిల్లల వైపు తిరిగాయి.

పచ్చకోట్లు ఒక్కరికీ పట్టలేదు.

ఒకడికి చేతులు మోచేతికి కాస్త దిగువన ఆగిపోయాయి. ఒకడికి భుజాల దగ్గర పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. పొడుగు పిల్ల ఊపిరి బిగబట్టి మూడో బొత్తాం పెట్టబోతే కాజా చిరిగింది. ఎముకలగూళ్ళు అనుకున్న పిల్లలు. రోజూ పొద్దున్నే మిల్లు పంపు నుంచి చేతికొక డబ్బాతో నీళ్ళు మోసే పిల్లలు, ఆ భుజాలు ఊరి పిల్లలకి ఎక్కడివి? మిషనమ్మ గబగబా ఒక కోటు తిరగేసి కుట్టు చూసింది. ఎదిగే పిల్లలకి కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలడం ఆమె అలవాటు, తర్వాత విప్పి పెంచుకోవచ్చని. నల్లకోట్లు పన్నెండింటికీ వదిలింది. వీటికి వదల్లేదు. ఎప్పుడు అలా అనుకుందో ఆమెకే గుర్తులేదు.

కూతురు బల్ల మీద ఉన్న కొలతల పుస్తకం తీసింది. ఊరి పిల్లల పేర్ల పక్కన ఏడేసి అంకెలు. షెడ్ల పిల్లల పేర్ల పక్కన రెండేసి.

"వీళ్ళకి టేపు పెట్టలేదా అమ్మా?" అంది కూతురు. అందులో కోపం లేదు, నిజంగానే అడిగింది.

మిషనమ్మ చేతిలోని కోటు బల్ల మీద పెట్టింది. ఆరోజు నడుం నొప్పి అని చెప్పబోయింది. నడుం నొప్పి నిజమే. కానీ పన్నెండుమందిని కొలిచాక వచ్చిన నొప్పి, సరిగ్గా షెడ్ల పిల్లల దగ్గరే ఎందుకు వచ్చింది?

హెడ్మాస్టరుకి దారి దొరికింది. సోమవారం తొమ్మిదింటికి పచ్చకోట్లు ఆ పిల్లలకి సరిపోతే ఇలాగే కానీయండి, లేకపోతే పాత జాబితా ప్రకారమే, ఎవరు ఏ బట్టల్లో ఉంటే ఆ బట్టల్లోనే ఆడతారు అన్నాడు. పేరెంట్ల సంఘం పెద్దమనిషి అప్పటికే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇంటికెళ్ళే దారిలో పిచ్చిక అమ్మమ్మ చెయ్యి పట్టుకోలేదు. నేను చెడ్డదాన్నా అని వాళ్ళమ్మని అడిగింది. ఎవరో ఒకళ్ళు ఆ వేషం వెయ్యకపోతే ఏం జరిగిందో జనానికి ఎలా తెలుస్తుందే అంది తల్లి. అయితే వేరేవాళ్ళు వెయ్యొచ్చుగా అంది పిచ్చిక.

ఆ మధ్యాహ్నమే మిషనమ్మ టేపూ పుస్తకమూ తీసుకుని పాత మిల్లు వెనక్కి వెళ్ళింది. ఇన్నేళ్ళలో అటు అడుగు పెట్టడం అదే మొదలు. రెండు వరసల షెడ్లు, మధ్యలో మనిషి నడిచేంత సందు. ప్రతి తలుపు మీదా తెల్లరంగు నంబరు, రేకు కింద నుంచి కారిన చారలతో సహా. ఆమె సందులోకి తిరిగేసరికి ముందున్న నాలుగు తలుపులు టపటపా మూసుకున్నాయి. గుమ్మంలో కూరగాయలు తరుగుతున్న ఆడమనిషి పళ్ళెం ఎత్తుకుని లోపలికి పోయింది. ఏమిటీ జనం, నేనేమైనా పులినా అని చిరాకు పడింది మిషనమ్మ. ముప్పై ఒకటో నంబరు దగ్గర ఆగి తలుపు తట్టింది.

పొడుగు పిల్ల తల్లి తలుపు సగమే తీసి అడ్డంగా నిలబడింది. ఆమె కళ్ళు మిషనమ్మ మొహం మీద లేవు. మెళ్ళోని టేపు మీద, చంకలోని పుస్తకం మీద ఉన్నాయి.

"మొన్న కొలుచుకుపోయారు కదమ్మా. పొడవు పద్నాలుగు, వెడల్పు పది. అయిదుగురం. మళ్ళీ దేనికి?"

మిషనమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక టేపు మెళ్ళోంచి తీసి గుప్పిట్లో దాచుకుంది. నేను దర్జీనమ్మా, బళ్ళో నాటకానికి పిల్లలకి కోట్లు కుడుతున్నాను, కొలతలకి వచ్చాను అంది. ఆవిడ నమ్మలేదు. వాళ్ళు కూడా పిల్లలకి పుస్తకాలిస్తామనే వచ్చారు, పేర్లు రాసుకున్నారు అంది. ఇంకెన్ని రోజులు ఉండనిస్తారో తెలిస్తే అది చెప్పండి అంది. లోపల్నుంచి పొడుగు పిల్ల వచ్చి, మిషనమ్మగారే అమ్మా, పిచ్చిక వాళ్ళ అమ్మమ్మ అంటే అప్పుడు కాస్త పక్కకి జరిగింది. అయినా లోపలికి రమ్మనలేదు. ఇక్కడే కొలవండి, వెలుతురుంది అంది.

సందులో నిలబెట్టి కొలిచింది మిషనమ్మ. పిల్ల వీపు మీద టేపు పరిచి, భుజం ఎముక వేలితో వెతికి పట్టుకుని, ఛాతీ చుట్టూ తిప్పి, ఊపిరి వదలమంది. ఇరవై తొమ్మిది. పుస్తకంలో తను రాసుకున్నది ఇరవై అయిదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఒక్కో తలుపే తెరుచుకుని మిగతా పిల్లలూ వచ్చారు. పేర్లు రాస్తుంటే తల్లులందరూ పెన్ను వైపే చూస్తున్నారు. మిషనమ్మ పుస్తకం పొడుగు పిల్ల చేతికిచ్చి, నేను చెప్తాను నువ్వు రాయి అంది. ఒక్కొక్కళ్ళకీ ఏడేసి కొలతలు, పన్నెండుమందికీ.

అయిపోయాక మిషనమ్మ కోట్ల సంగతి చెప్పింది. మీ పిల్లలకి ఈసారి పచ్చకోట్లు, వీళ్ళే గెలిచేవాళ్ళు అంది. ఆ తల్లి మొహంలో తను ఊహించిన సంతోషమేదీ కనబడలేదు.

"ఏ రంగయినా ఒకటేనమ్మా, ఆటే కదా. లోపలివైపు ఒక జేబు పెట్టండి. తడవకుండా, బొత్తాం ఉండేలా."

జేబు దేనికి అని అడిగింది మిషనమ్మ. ఆవిడ కూతురి గౌను మెడలోంచి తాడు లాగింది. తాడు చివర ప్లాస్టిక్ కవరు, కవరులో మడతపెట్టిన గుర్తింపు కాగితం. మేం పనిలో ఉన్నప్పుడు ఆ నంబర్ల వాళ్ళు వస్తారు, పిల్లలు బళ్ళో ఉన్నప్పుడు వస్తారు, దారిలో ఆపి అడుగుతారు. కాగితం ఇంట్లో ఉందంటే వినరు. పోయిన వారం ఆఖరి షెడ్డు పిల్లాణ్ణి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అందుకని ఎవరిది వాళ్ళ ఒంటి మీదే ఉండాలి అంది. తాడు మెడకి ఒరుసుకుని పిల్ల మెడ చుట్టూ ఎర్రగా గీత పడింది. సోమవారం కొలతలు తీసి ఉంటే మెడ దగ్గరే కనబడేది.

మిషనమ్మ ఆ కవరు అరచేతిలో పెట్టుకుని టేపు ఆనించింది. పొడవు అయిదున్నర, వెడల్పు మూడు ముప్పావు. రాయవే అంది.

ఆదివారం తెల్లారకముందే మిషను శబ్దం మొదలైంది. పచ్చగుడ్డ మిగల్లేదు. ప్రతి కోటూ రెండు పక్కలా విప్పి, చంక నుంచి అంచు దాకా నల్లగుడ్డ పట్టీ వేసింది. చేతుల చివర నల్లంచు. ఎడమవైపు లోపల జేబు, పైన మూత, మూతకి బొత్తాం. తొమ్మిదింటికి కూతురు వచ్చి ఒక కోటు తిరగేసి చూసింది. ఇదేమిటి అంది. మిషనమ్మ చెప్పింది. ఈసారి అరవలేదు, మిషను ఆపకుండానే చెప్పింది. కూతురు పాత మిషను మీది గుడ్డ తీసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. జేబులు నాకివ్వు అంది. పిచ్చిక సూదుల్లోకి దారాలెక్కించి పెట్టింది. మధ్యాహ్నం జేబు బొత్తాలు కుట్టడం ఎలాగో నేర్పించమంది.

సోమవారం తొమ్మిదింటికి పచ్చకోట్లు పన్నెండూ సరిపోయాయి. హాలు నిండిపోయింది. నల్లకోట్లలో ఏడుగురిని తల్లిదండ్రులు పంపలేదు. జలుబనీ, ఊరెళ్ళామనీ చీటీలు వచ్చాయి. ఆ ఏడు కోట్లూ తెర వెనక కొక్కేలకి వేలాడుతున్నాయి. మిగిలింది అయిదుగురు. డ్రిల్లు మాస్టరు కొడుకుని తండ్రే తీసుకొచ్చాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పిచ్చిక అందరికంటే ముందు. తలుపులు తట్టి, ఎంతమంది ఉంటారు అని అడిగింది. ఆ గొంతు విని మొదటి వరసలో హెడ్మాస్టరు పక్కన కూర్చున్న మిషనమ్మకే జంకు పుట్టింది. నాటకంలో ఊరి జనంగా వేసిన మిగతా పిల్లలు ఒక్కొక్కరే తలుపుల వెనకనుంచి మాయమయ్యారు.

అప్పుడు పచ్చకోట్లు వచ్చాయి. పన్నెండుమంది రెండు వైపుల నుంచీ పరుగెత్తుకొచ్చారు. కుడిచేతిలో కర్ర తుపాకులు, ఎడమచెయ్యి మాత్రం ఛాతీ మీద గట్టిగా నొక్కిపెట్టుకుని ఉంది. పన్నెండుమందిదీ అంతే. కూతురు అలా నేర్పలేదు. కర్ర పారేసి నల్లకోట్లని పట్టుకున్నప్పుడు కూడా ఎడమచెయ్యి తియ్యలేదు. జెండా పాతింది పొడుగు పిల్ల, ఒంటిచేత్తో.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఛైర్మన్ స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. ఫాసిజం అనే భూతాన్ని మన పెద్దలు ఎలా మట్టి కరిపించారో చెప్పాడు. అది మళ్ళీ తలెత్తకుండా చూడడం మన బాధ్యత అన్నాడు. గొంతు గద్గదమైంది. ఈ చిన్నారుల్ని చూడండి, అమరుల కోసం గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు, మనం వీళ్ళని చూసి నేర్చుకోవాలి అన్నాడు. తనూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నాడు. కుర్చీలు కదిలిన చప్పుడు. హాలంతా లేచి గుండెల మీద చేతులు వేసుకుంది.

మిషనమ్మ లేవలేదు. హెడ్మాస్టరు వంగి, లేవండమ్మా, బాగుండదు అని గుసగుసలాడాడు. మళ్ళీ గుసగుసలాడాడు. అసలే అంతంత మాత్రంగా ఉన్న ఆమె ఓర్పు ఆ రెండోసారికి అయిపోయింది.

"వాళ్ళు ఎవరికీ వందనం చెయ్యడం లేదు మాస్టారూ. కాగితాలు పడిపోకుండా పట్టుకున్నారు."

మామూలుగా మాట్లాడితేనే వీధి చివరకి వినబడే గొంతు. ఆ నిశ్శబ్దంలో స్టేజీ దాకా వెళ్ళింది.

"ఏం కాగితాలు?" అన్నాడు ఛైర్మన్, చెయ్యి గుండె మీదనుంచి తియ్యకుండానే, మైకులో.

పొడుగు పిల్ల ఉలిక్కిపడింది. పట్టుకున్న జెండా కర్ర, పడిపోయి లేచి పక్కన నిలబడ్డ పిచ్చిక చేతికిచ్చి, కోటు బొత్తాలు విప్పి, లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి రెండు చేతులతో ఆయన ముందుకి చాపింది. ఆ పిల్లని చూసి మిగతా పదకొండుమందీ కోట్లు విప్పారు, కవర్లు తీశారు, వరసగా వచ్చి ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.